స్టీలు సింక్‌కు ఏది వాడాలి, క్రోమ్ కుళాయికి ఏది వాడాలి?

వంటింటి సింక్‌ను తోమిన పీచుతోనే, అదే పొడితోనే, పక్కనున్న కుళాయిని కూడా రుద్దేయడం చాలామందికి అలవాటు. రెండూ తళతళలాడే లోహాలే కాబట్టి రెండింటికీ ఒకే వైద్యం సరిపోతుందని అనిపిస్తుంది. అయితే స్టీలు సింక్ పైనుంచి అడుగుదాకా ఒకే లోహం కాగా, కుళాయి మీద కనిపించే మెరుపు మరొక లోహం మీద వేసిన అతి పలుచని పూత. సింక్ మీద గీత పడితే ఓపికగా మెరుగు పెట్టి చాలావరకు కలిపేయవచ్చు. కుళాయి పూత ఒకసారి అరిగిపోతే మాత్రం ఏ పాలిష్ దాన్ని తిరిగి తీసుకురాలేదు. వెనిగర్, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), వంటసోడా, ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పొడులు, లోహపు పాలిష్‌లు, స్నానాల గది స్ప్రేలు, వీటిలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు సమాధానం ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

## ఎంపికకు ముందు చూసుకోవలసినవి

పైన ఉన్నది ఏ లోహం? ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిసినప్పుడు దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. మంచి సింకులకు ఎక్కువగా వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే, కంటికి కనిపించని పొరగా ఏర్పడి లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. పైపైన గీసుకున్నా, శుభ్రంగా ఉండి గాలి తగిలితే ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. దాన్ని చిల్లులు పొడిచే శత్రువు క్లోరైడ్: అది బ్లీచ్‌లోనూ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ, తడిసి నిలిచిన ఉప్పులోనూ ఉంటుంది.

క్రోమ్ కుళాయి కథ వేరు. సాధారణంగా ఇత్తడి లేదా జింక్ మిశ్రమంతో పోతపోసిన కుళాయి మీద ముందు నికెల్ పూత, దాని మీద క్రోమియం పూత వేస్తారు. ఆ క్రోమియం పూత మందం మామూలుగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. నీలి ఛాయతో మెరిసే కుళాయి మీద, చేయి ఎక్కువగా తగిలే చోట, పసుపు ఛాయ తేలుతున్నట్టు కనిపిస్తే అక్కడ క్రోమియం అరిగి కింది నికెల్ బయటపడిందని అనుమానించాలి. ఆ చోట మరింత రుద్దడం వల్ల పసుపు పెరుగుతుందే తప్ప తగ్గదు.

నలుపు, బంగారు, కంచు రంగుల్లో వచ్చే కుళాయిలను మూడో వర్గంగా చూడాలి. వాటి మీద ఉన్నది రంగు కావచ్చు, పారదర్శకమైన లక్క పూత కావచ్చు, శూన్యంలో ఆవిరి రూపంలో పట్టించిన గట్టి పూత కావచ్చు. చూపుతో వీటిని తేల్చడం కష్టం కాబట్టి, తయారీదారు ఇచ్చిన కాగితం దొరకనప్పుడు సబ్బు నీళ్లను దాటి వెళ్లకపోవడం ఉత్తమం.

పట్టినది ఏ మురికి? జిడ్డుకు క్షారం లేదా సబ్బు కావాలి, నీటి గారకు ఆమ్లం కావాలి, తుప్పు మరకకు ఆక్సాలిక్ లేదా సిట్రిక్ ఆమ్లం కావాలి. వీటిని తారుమారు చేసినప్పుడే మందు పనిచేయక, మనం బలం ప్రయోగించడం మొదలుపెడతాం. గుర్తుపట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కుళాయి మొదట్లో, అది సింక్‌ను తాకే చోట పేరుకున్న తెల్లటి వలయం మీద గోటితో గీరితే గరుకుగా తగులుతుంది. దాని మీద ఒక చుక్క వెనిగర్ వేసి దగ్గరగా చూస్తే, చుక్క అంచుల వెంట సన్నని బుడగలు లేస్తాయి. అది కాల్షియం కార్బనేట్, అంటే కఠిన జలం ఎండిపోయి మిగిల్చిన గార. ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. బుడగలు రాకుండా, వేలితో రాస్తే బూడిద రంగులో జారుగా సాగితే, అది సబ్బు కొవ్వు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి ఏర్పడిన పొర అయి ఉంటుంది. ఈ రెండూ చాలాసార్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అప్పుడు ముందు సబ్బుతో పై జిడ్డు తీసి, ఆ తరువాతే ఆమ్లం వాడాలి. జిడ్డు పొర ఉండగా వెనిగర్ పోస్తే అది గారను చేరనే చేరదు.

ఎంత గరుకు? ఏది దేన్ని గీయగలదో 1 నుంచి 10 వరకు అంకెలతో చెప్పే మోస్ కాఠిన్య కొలత ప్రకారం వంటసోడా సుమారు 2.5, నీటి గారలోని కాల్సైట్ 3, స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు 5 నుంచి 6, ఇసుకలోని క్వార్ట్జ్ 7, అల్యూమినియం ఆక్సైడ్ 9. ఆకుపచ్చ రంగు గరుకు స్క్రబ్బర్లలో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ పొడి అంటించి ఉంటుందని తెలుసుకుంటే, కొత్త సింక్ మొదటి వారంలోనే ఎందుకు మసకబారిందో అర్థమవుతుంది.

చేతులకు, ఊపిరికి, చుట్టూ ఉన్న రాయికి ఏమవుతుంది? సింక్ చుట్టూ పాలరాయి లేదా సున్నపురాయి పరిచి ఉంటే ఆమ్లం చుక్క పడిన చోటల్లా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. గది ఇరుకుగా ఉండి గాలి ఆడకపోతే ఘాటైన స్ప్రేలు ఊపిరి ఆడనివ్వవు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే విషపూరితమైన పొడిని ఎక్కడ దాచగలమన్నది కూడా ఎంపికలో భాగమే.

## ఒక చూపులో పోలిక

| పదార్థం | దేనికి పనికొస్తుంది | స్టీలు సింక్ | క్రోమ్ కుళాయి | ముఖ్యమైన హెచ్చరిక |
|---|---|---|---|---|
| పాత్రల సబ్బు ద్రవం, గోరువెచ్చని నీళ్లు | జిడ్డు, రోజువారీ మురికి | మంచిది | మంచిది | పాత గార పోదు |
| వంటసోడా ముద్ద | అంటుకున్న జిడ్డు, పలుచని మరక | మంచిది | తేలికగా, మెత్తని గుడ్డతోనే | అల్యూమినియం మీద వద్దు |
| వెనిగర్ | నీటి గార | కొద్ది నిమిషాలు | నీళ్లు కలిపి, కొద్ది నిమిషాలు | పాలరాయికి హాని |
| నిమ్మ ఉప్పు ద్రావణం | గార, పలుచని తుప్పు | మంచిది | పలుచగా, కొద్ది నిమిషాలు | సరిగా కడగకపోతే మరక కడుతుంది |
| ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పొడి | తుప్పు, మొండి మరకలు | చాలా మంచిది | పొడి రూపంలో వద్దు | విషం. చేతి తొడుగులు తప్పనిసరి |
| లోహపు పాలిష్ | చిలుము, మసక | అవసరమైతేనే | వద్దు | ప్రతిసారీ కొంత లోహం అరుగుతుంది |
| మరుగుదొడ్డి యాసిడ్, బ్లీచ్ | ఈ పనికి కావు | వద్దు | వద్దు | చిల్లులు పడతాయి, పూత పోతుంది |

## ఒక్కొక్కటి దగ్గరగా చూస్తే

సబ్బు ద్రవం. దీని గురించి చెప్పవలసింది తక్కువ, చేయవలసింది ఎక్కువ. రోజూ వాడే ఇంట్లో దీనికి మించినది అవసరమయ్యేది అరుదు. కడిగిన తరువాత సబ్బును పూర్తిగా నీళ్లతో తొలగించి, పొడిగుడ్డతో తుడవడమే కీలకం.

వంటసోడా. దీని కాఠిన్యం స్టీలు కంటే చాలా తక్కువ కాబట్టి గీతలు పడతాయన్న భయం పెద్దగా అక్కర్లేదు. పైగా ఇది బలహీనమైన క్షారం కావడం వల్ల జిడ్డును కొంత కరిగిస్తుంది. తడి సింక్ మీద చల్లి, ముద్దలా అయ్యాక మెత్తని స్పాంజితో స్టీలు గీతల దిశలో రుద్దాలి. ఆ దిశ తెలియాలంటే టార్చ్‌ను పక్కవాటుగా పెట్టి చూడాలి. వెంట్రుకల్లాంటి సన్నని గీతలు ఒకే వైపుకు సాగుతూ కనిపిస్తాయి. వాటికి అడ్డంగా రుద్దితే కొత్త గీతలు వెలుగును వేరే దిక్కుకు విసిరి, శుభ్రంగా ఉన్న సింక్ కూడా మాసినట్టు కనిపిస్తుంది.

వంటసోడా మీద వెనిగర్ పోస్తే నురగ పొంగుతుంది కాబట్టి అది గొప్ప శుభ్రత అని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ పొంగులో క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకుని, సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు మిగులుతాయి. జిడ్డుకు సోడాను, గారకు వెనిగర్‌ను విడివిడిగా, మధ్యలో నీళ్లతో కడిగి వాడితేనే రెండింటి ఫలితమూ దక్కుతుంది.

వెనిగర్, నిమ్మ ఉప్పు. గార విషయంలో అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. ఇంట్లో వాడే వెనిగర్‌లో సుమారు 4 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉంటుంది. సిద్ధంగా దొరుకుతుంది, కొలవనవసరం లేదు. కానీ ఘాటైన వాసన గదిలో చాలాసేపు నిలుస్తుంది. నిమ్మ ఉప్పు వాసన లేనిది, పొడిగా ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, బలాన్ని మన చేతుల్లో ఉంచుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు కలిపితే సుమారు 5 శాతం ద్రావణం వస్తుంది. సింక్‌కు అది సరిపోతుంది, కుళాయికి అందులో సగం బలమే చాలు. దీని లోపం ఏమిటంటే, సరిగా కడగకుండా ఆరనిస్తే జిగటగా స్ఫటికాలు కట్టి మళ్లీ మరకలా కనిపిస్తుంది. వాసన పడనివారికి, షవర్ వంటి పెద్ద భాగాలను నానబెట్టవలసినవారికి నిమ్మ ఉప్పునే సూచిస్తాను. నెలకో రెండు నెలలకో ఒకసారి కుళాయి మొదలు మాత్రమే తుడుచుకునేవారికి వెనిగర్ చాలు.

కుళాయి మీద ఆమ్లం వాడే పద్ధతిలో తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో మెత్తని గుడ్డను తడిపి, నీరు కారకుండా పిండి, గార పట్టిన చోట చుట్టాలి. ఐదు నిమిషాల తరువాత గుడ్డ తీసి గోటితో తడిమి చూడాలి. గరుకు ఇంకా ఉంటే అక్కడ నీళ్లు పోసి కడిగి, మరో ఐదు నిమిషాలు చుట్టాలి. రాత్రంతా చుట్టి ఉంచమన్న సలహా వినిపిస్తూ ఉంటుంది. పూతలో కంటికి కనిపించని పగులు ఎక్కడైనా ఉంటే ఆమ్లం దాని గుండా కింది లోహాన్ని చేరుతుంది, ఆ తరువాత పూత పొక్కులు తేలి ఊడుతుంది. పైన కనిపించేది నికెల్ పూతే అయిన కుళాయిలకు ఆమ్లం మరింత ప్రమాదకరం. గార మొండిగా ఉంటే సమయం పెంచడం కంటే, తక్కువ సమయంతో మళ్లీ మళ్లీ చేయడమే పూతకు క్షేమం.

కుళాయి మూతిలోని జాలీని మాత్రం విప్పి, విడిగా గిన్నెలో నానబెట్టవచ్చు. నీటి ధార చెదిరిపోతూ, పక్కలకు చిమ్ముతూ ఉందంటే తరచుగా ఆ జాలీలో గార చేరిందనే అర్థం.

ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పొడులు. తడి ఇనుప పెనాన్ని సింక్‌లో రాత్రంతా వదిలేస్తే ఉదయానికి గోధుమరంగు వలయం కనిపిస్తుంది. చాలాసార్లు అది స్టీలుకు పట్టిన తుప్పు కాదు, పెనం నుంచి అంటిన తుప్పు. ఆక్సాలిక్ ఆమ్లం ఇనుముతో కలిసి నీటిలో కరిగే పదార్థంగా మారుతుంది కాబట్టి, ఆ మరక గట్టిగా రుద్దకుండానే వదులుతుంది. సింక్‌ను తడిపి, పొడి చల్లి, ముద్ద చేసి, ఒక నిమిషంలోపు మెత్తని గుడ్డతో గీతల దిశలో రుద్ది కడిగేయాలి, ఆరనివ్వకూడదు. గారకు మాత్రం ఇది సరైన మందు కాదు: కాల్షియంతో కలిసినప్పుడు ఇది నీటిలో కరగని కాల్షియం ఆక్సలేట్‌గా మారి అక్కడే ఉండిపోతుంది. గారకు నిమ్మ ఉప్పు, తుప్పుకు ఆక్సాలిక్ అని ఈ రెండింటి హద్దును స్పష్టంగా పెట్టుకోవాలి. మింగితే విషం కాబట్టి డబ్బా మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట ఉంచాలి.

లోహపు పాలిష్. ఇందులో మెత్తని గరుకు పొడి, ద్రావకం, కొన్నింటిలో అమ్మోనియా ఉంటాయి. పైన పూత ఏమీ లేని ఇత్తడికి, రాగికి ఇది తగినది. చిలుము పట్టిన పొరను తీసి కింది కొత్త లోహాన్ని బయటపెడుతుంది. అదే పని పలుచని పూత మీద చేస్తే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. ఇత్తడి కుళాయి విషయంలో ముందు లక్క పూత ఉందో లేదో చూడాలి: చిలుము అంతటా సమానంగా కాకుండా, అంచుల దగ్గర, గీత పడిన చోట మాత్రమే మచ్చలుగా పట్టిందంటే లక్క ఉన్నట్టే లెక్క. అలాంటి దానికి పాలిష్ పెడితే మచ్చలు మరింత వ్యాపిస్తాయి. పూత లేని ఇత్తడికి నిమ్మ, చింతపండు వంటి పులుపు కూడా పనిచేస్తుంది; తరువాత బాగా కడిగి తుడవకపోతే త్వరలోనే మళ్లీ నల్లబడుతుంది.

స్ప్రేలు, యాసిడ్, బ్లీచ్. స్నానాల గది స్ప్రేలను వాటి ప్రకటనను బట్టి కాక, సీసా వెనుక రాసిన పదార్థాలను బట్టి ఎంచాలి. సిట్రిక్ లేదా లాక్టిక్ ఆమ్లం ఉన్నది గారకు తగినది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నది పింగాణీకే పరిమితం. అది క్రోమియాన్ని కరిగిస్తుంది, స్టీలుకు చిల్లులు పొడుస్తుంది. మూత సరిగా బిగించని యాసిడ్ సీసా సింక్ కింది అరలో ఉంటే, దాని ఆవిరికే అక్కడి లోహ భాగాలు తుప్పు పడతాయి.

బ్లీచ్‌ను ఏ ఆమ్లంతోనూ, అంటే వెనిగర్‌తో గానీ నిమ్మ ఉప్పుతో గానీ, కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కలిస్తే క్లోరమిన్ వాయువులు పుడతాయి. నిన్న బ్లీచ్ పోసిన తూములోకి ఈరోజు వెనిగర్ పోయబోతే, ముందు ధారాళంగా నీళ్లు పోసి కడగాలి.

పీచులు, గుడ్డలు. మెత్తని స్పాంజి, పాత నూలు గుడ్డ, మైక్రోఫైబర్ గుడ్డ, సందులకు మెత్తని పాత టూత్ బ్రష్ ఉంటే మిగతావి అక్కర్లేదు. మామూలు ఇనుప పీచు గీతలు పెట్టడమే కాక, విరిగిన సన్నని ఇనుప ముక్కలను స్టీలులో వదిలి వెళుతుంది. రెండు రోజుల్లో అవి తుప్పు పట్టి, సింకే తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. మరకలను మాయం చేస్తుందని పేరున్న తెల్లటి మెలమైన్ స్పాంజి చేతికి మెత్తగా తగిలినా నిజానికి అతి సన్నని ఉప్పుకాగితం వంటిదే. అద్దంలా మెరిసే క్రోమ్ మీద మసక పొరను మిగులుస్తుంది.

## ఎవరికి ఏది తగినది

నీళ్లు బాగా కఠినంగా ఉండి, వారం తిరక్కముందే కుళాయి మీద తెల్లటి చుక్కలు కట్టే ఇంట్లో, బలమైన మందు వెతకడం కంటే పలుచని నిమ్మ ఉప్పు నీళ్లతో వారానికొకసారి తుడవడం మేలు. కొత్త గార మెత్తగా ఉంటుంది, నిమిషంలో పోతుంది. నెలల తరబడి పేరుకున్నది గట్టిపడి, దాన్ని తీయడానికి పూతనే పణంగా పెట్టవలసి వస్తుంది.

అద్దె ఇంట్లో ఉండి, ఖాళీ చేసే ముందు అంతా కొత్తగా చేయాలనుకునేవారికి యాసిడ్ మీద మనసు పోవడం సహజం. సింక్ వరకు ఆక్సాలిక్ పొడి ఆ అవసరాన్ని తీరుస్తుంది. కుళాయిల మీద మాత్రం పాత గార కొంత మిగిలినా సరే, పూత ఊడగొట్టడం కంటే అదే నయం. గారను తరువాత ఎవరైనా తీయగలరు.

చర్మం సున్నితంగా ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు స్ప్రే రూపాన్ని పూర్తిగా మానుకుని, ద్రావణాన్ని గుడ్డ మీద పోసి వాడుకోవాలి. గాలిలో తేలే చుక్కలే ఊపిరికి ఎక్కువ ఇబ్బంది కలిగిస్తాయి.

చుట్టూ పాలరాయి పరిచిన సింక్ గలవారు ఆమ్లపు గుడ్డను చుట్టే ముందు రాయి మీద పొడి తువ్వాలు మడిచి పరచాలి. అది తడిసిన వెంటనే మార్చాలి. ఆ శ్రమ పడలేమనుకుంటే, సబ్బు నీళ్లూ, రోజూ తుడిచే అలవాటూ తప్ప వారికి వేరే దారి లేదు.

వేడి పాత్ర దించినందువల్ల సింక్‌లో ఇంద్రధనస్సు రంగులు కనిపిస్తే అది మురికి కాదు. పై ఆక్సైడ్ పొర మందం మారి, ఆ పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగులు ఒకదానితో ఒకటి కలవడం వల్ల కనిపించే రంగులవి. వెనిగర్ లేదా నిమ్మ ఉప్పు తడితో మెల్లగా తుడిస్తే చాలావరకు పోతాయి. బ్లీచ్ వల్ల పడిన నల్లటి సూదిమొన చిల్లులకు మాత్రం ఇంట్లో చేయగల చికిత్స లేదు.

## మెరుగు పెట్టడం, ఆ మెరుపు నిలపడం

గీతలతో మసకబారిన స్టీలు సింక్‌కు మెరుగు పెట్టాలంటే, అది బ్రష్ చేసిన రకమై, అంటే ఒకే దిశలో సన్నని గీతలు కనిపించేదై ఉండాలి. అద్దంలా మెరిసే రకాన్ని ఇంట్లో సరిచేయబోతే రుద్దిన చోట వేరు పడి తెలిసిపోతుంది. ముందు జిడ్డు, గార పూర్తిగా తీసేసి, స్టీలు కోసమే తయారైన సన్నని పాలిష్ ముద్దను గీతల దిశలో పొడవుగా, ఒత్తిడి సమానంగా ఉండేలా రుద్దాలి. ఒకే చోట గుండ్రంగా తిప్పకూడదు. కడిగి ఆరాక, రెండు చుక్కల వాసన లేని మినరల్ ఆయిల్‌ను గుడ్డ మీద వేసుకుని, కనిపించనంత పలుచగా పట్టించి, మరో పొడిగుడ్డతో తుడిచేస్తే వేలిముద్రలు కొన్నాళ్లు పట్టవు. వంటనూనె వాడితే అది గాలికి జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది.

క్రోమ్ కుళాయికి పాలిష్ వద్దన్నాను కదా, దానికి బదులు కార్లకు వాడే మైనపు పూతల్లో గరుకు పొడి లేని రకాన్ని ఎంచుకుని పలుచగా రాయవచ్చు. నీటి చుక్కలు నిలవకుండా జారిపోతాయి కాబట్టి గార ఆలస్యంగా కడుతుంది. షవర్ చేతికీ, తువ్వాలు వేసే కడ్డీకీ ఇది బాగా పనిచేస్తుంది. వంటింటి కుళాయిలో మాత్రం నీళ్లు వచ్చే మూతి దగ్గర దీన్ని రాయకుండా వదిలేయాలి.